తీగెను తాకని జాలకవిద్య

వేసంగి చివర ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన దినము మొదలుకొని మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటింట నొక్కటే ప్రసంగము. ర్యాంకు ఎంత వచ్చినది? సీటు ఎచ్చట దొరకును? ఏ శాఖ పుచ్చుకొనవలెను? ఒకప్పుడు సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు అను పేరులు వినబడుచుండెడివి. ఇప్పుడు తండ్రి నోటను తనయుని నోటను కంప్యూటరు శాఖ తక్క వేఱొక మాట లేదు. దానికై పొలము తాకట్టుపడుచున్నది. ఇల్లాలి గాజులు బ్యాంకు పెట్టెలోనికి పోవుచున్నవి. ఇట్లు చేరిన బాలుడో బాలికయో మూడవయేటి ప్రాంతమున "కంప్యూటరు నెట్‌వర్కులు" అను పాఠమునకు వచ్చును. యంత్రముతో యంత్రము మాటలాడు విధమును, దేశముతో దేశమును కలుపు జాలకములను నిర్మించు విధమును నేర్పవలసిన పాఠ మది. మే మీ వారము ఆ యొక్క పాఠమును గూర్చియే వ్రాయదలచితిమి. ఒక్క పాఠమునకు సంపాదకీయ మెందుకని చదువరు లడుగవచ్చును. అన్న ముడికినదో లేదో చూచుటకు కుండలోని మెతుకులన్నియు పిసుకనక్కరలేదు గదా!

ఈ పాఠము మన కళాశాలలలో నెట్లు నడచుచున్నది? మొదటి దినమున ఉపన్యాసకుడు నల్లబల్లపై ఏడు గదులను ఒకదానిపై నొకటి గీయును. అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు 1984లో ప్రకటించిన ఏడంతస్తుల నమూనా యది. విద్యార్థి క్రిందినుండి పైకి, పైనుండి క్రిందికి ఆ పేరులను ఎక్కమువలె వల్లించును. పరీక్షలో ఆ బొమ్మను గీసి, గదికి నాలుగు వాక్యముల చొప్పున వ్రాసి మార్కులు తెచ్చుకొనును. నేడు లోకమునంతటిని కలుపుచున్న ఇంటర్నెట్టు ఆ ఏడంతస్తుల కొలతకు కట్టబడినది కాదనియు, అంతకుముందే వాడుకలోనికి వచ్చిన వేఱొక కట్టడిపై నడచుచున్నదనియు చెప్పువారు చెప్పుదురు, చెప్పనివారు చెప్పరు.

ఇక ప్రయోగశాల మాట. బిట్టుల వరుసలో అదనపు బిట్టును జొనుపుట, సి.ఆర్.సి. అను తప్పుపట్టు లెక్క, డైక్‌స్ట్రా కనుగొనిన దగ్గరిదారి లెక్క, ఇట్టివి మన సాంకేతిక విశ్వవిద్యాలయముల ప్రయోగపట్టికలలో చిరకాలముగా నున్నవి. మంచి లెక్కలే. కాని వీనిని చేయు తీరెట్లున్నది? విద్యార్థి ఒక్క యంత్రము ముందర కూర్చుండి సి భాషలో ప్రోగ్రాము వ్రాయును. వ్రాయుననుట మర్యాదకు, పై తరగతివాని రికార్డునుండి ఎత్తి వ్రాసికొనును. అంకెలు తానే యిచ్చి, జవాబు తానే తెరపై చూచుకొనును. రెండవ యంత్రముతో పనిలేదు. తీగెతో పనిలేదు. నెట్‌వర్కు ప్రయోగశాలలో నెట్‌వర్కు తక్క తక్కినవన్నియు నున్నవి! ఇటీవలి పట్టికలలో వైర్‌షార్కు అను పరిశీలనసాధనమును, ఎన్.ఎస్. అను అనుకరణసాధనమును చేర్చిరి. సంతోషమే. అయినను ఈతకొట్టు బొమ్మను చూచి ఈత నేర్చినవారిని మే మెఱుగము.

వైద్యవిద్యార్థి శవమును కోసి చూడక పట్టము పొందలేడు. సివిలు విద్యార్థి థియొడలైటును భుజమున పెట్టుకొని ఎండలో పొలముగట్లవెంట తిరిగి సర్వే చేయవలెను. ధవళేశ్వరపు ఆనకట్టమీద నిలిచి గోదావరి ఎట్లు పంచబడుచున్నదో కన్నులార చూచినవానికి నీటిపారుదల పాఠము వేఱుగ చెప్పనక్కరలేదు. నెట్‌వర్కు విద్యార్థికో, అంతదూరము పోవలసిన పనియు లేదు. ఆతడు చూడవలసిన వస్తువు ఆతని తలపైననే, తరగతిగది కప్పుక్రిందనే గొట్టములలో పోవుచున్నది. ఆ నడుమ మేమొక కళాశాలను చూడబోయి, ప్రిన్సిపాలుగారి వెంట నడవలో పోవుచుండగా ఒక తాళమువేసిన తలుపు కనబడినది. లోపల పంకాల చప్పుడు. అది సర్వరుగది యని వారు సెలవిచ్చిరి. విద్యార్థులు లోనికి పోవుదురా యని యడిగితిమి. "అమ్మమ్మ! ఏదో యొకటి పట్టుకొని లాగుదురు" అనిరి. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని యడిగితిమి. కంట్రాక్టరు మనిషి యొద్ద నున్నదట! ఏ విద్యకై నాలుగేండ్లు రుసుము చెల్లింతురో ఆ విద్య తలుపు చెల్లించినవారికి మూయబడి, జీతగానికి తెఱువబడుచున్నది.

ఈ శాస్త్రము పుట్టిన తీరు తెలిసినవారికి ఆ తాళమును చూచిన నవ్వును దుఃఖమును ఒక్కమారే వచ్చును.

మన పూర్వులు తాటియాకుల గ్రంథమున ఆకు ఆకునకు అంకె వేసెడివారు; త్రాడు తెగి ఆకులు చెదరినను మరల కూర్చుకొనవచ్చును. కంప్యూటరు జాలకపు మూలసూత్ర మింతకంటె వేఱు కాదు. పంపవలసిన సమాచారమును చిన్నచిన్న పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లముపైని చిరునామాయు వరుస అంకెయు వ్రాసి విడుతురు. ఒక పొట్ల మొక దారిని, మఱియొకటి వేఱొక దారిని పోవచ్చును. చేరినచోట వరుసగా కూర్చుకొందురు. చేరనిదానిని మరల పంపించుకొందురు. 1960వ దశకపు తొలినాళ్లలో అమెరికాయందు పాల్ బారన్, 1965లో ఇంగ్లండునందు డొనాల్డు డేవీసు, ఒకరి పని నొక రెఱుగకయే ఈ మార్గమును పట్టిరి. బారన్‌గారి చింత యుద్ధచింత. శత్రువు అణ్వస్త్రము వేసి కొన్ని కేంద్రములను నాశనము చేసినను, మిగిలిన కేంద్రములు తమలో తాము మాటలాడుకొనగలుగవలెనని ఆయన తలంపు. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మరల దీనికి వచ్చెదము.

1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేది రాత్రి లాస్ ఏంజెలీసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి దాదాపు 350 మైళ్ల దవ్వుననున్న స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థకు ఈ మార్గమున తొలి వార్త పోయెను. "లాగిన్" అను మాటను పంపబోగా మొదటి రెండక్షరములు చేరినంతనే అవతలి యంత్రము కూలినది. మీట నొక్కిన చార్లీ క్లైను విద్యార్థి. అంతకు ఆఱు నెలల ముందు, ఏప్రిలు 7వ తేదిని, ఈ యంత్రము లేయే నియమముల ననుసరించి మాటలాడవలెనో చర్చించుచు మొదటి పత్రమును ప్రకటించిన స్టీవ్ క్రాకరును విద్యార్థియే. తోడివారికి నిద్రాభంగము కలుగకుండ రాత్రివేళ స్నానాలగదిలో కూర్చుండి దానిని వ్రాసితినని ఆయనయే పిదప చెప్పియున్నాడు. తాము కుఱ్ఱవారమనియు, శాసించుటకు తా మెవ్వరమనియు సంకోచించి, ఆ పత్రమునకు "అభిప్రాయములకొఱకు విన్నపము" అని పేరుపెట్టెను. ఆ వినయపు పేరే నేటికిని నిలిచినది. అట్టి విన్నపము లిప్పటికి తొమ్మిదివేలు దాటినవి. ఇంటర్నెట్టు నడచు నియమములు వానియందు గలవు. కాసు చెల్లింపక ఎవరైనను చదువుకొనవచ్చును. మన పట్టభద్రులలో అందొక్కదానినైన ఆద్యంతము చదివినవారు చేతు లెత్తుడనిన ఎన్ని చేతులు లేచునో! గైడు చదివినవారు చేతు లెత్తుడనినచో గదిలో గాలి యాడదు.

ఆ తరువాతి చరిత్ర యందఱెఱిగినదే. 1974లో సెర్ఫ్, కాన్ అనువారు జాలకముతో జాలకమును కలుపు నియమావళిని ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదిని ఆ తొలి జాలకమంతయు ఆ నియమావళికి మారినది. మేము చదువరుల యెదుట ముఖ్యముగ నుంచదలచినది 1986వ సంవత్సరపు సంగతి.

ఆ యేడు అక్టోబరులో బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును, దాని చెంతనేయున్న లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలకును నడుమ జాలకము ఉన్నట్టుండి మందగించినది. ఆ రెంటికి దూరము 400 గజములు. సెకనుకు 32,000 బిట్టులు పోవలసిన దారిని 40 బిట్టులు పోయినవి. అనగా సెకనుకు అయిదు ఇంగ్లీషు అక్షరములు. పాతకాలపు టెలిప్రింటరు ఇంతకంటె వడిగ కొట్టును. యంత్రములు చెడలేదు. తీగె తెగలేదు. మఱి యేమైనది? ప్రయోగశాలయందలి వాన్ జాకబ్‌సన్, బర్క్‌లీ యూనిక్సును చూచుచుండిన మైక్ కారెల్సు దీని వెంటబడిరి. ఏ పొట్లము ఏ క్షణమున బయలుదేరినది, ఏది చేరినది, ఏది రెండుమార్లు మూడుమార్లు పోయినది, అన్నియు పరిశీలించిరి. కారణము తేలినది. దారి క్రిక్కిరిసి పొట్లములు జాఱిపోవుచుండగా, పంపువారు చేరలేదను తొందరచే మరల మరల పంపుచుండిరి. ఆ మరల పంపిన పొట్లములే దారిని మఱింత క్రిక్కిరియజేసెను. తిరునాళ్లలో ద్వారముకడ త్రొక్కిసలాట యెట్లు పుట్టునో ఇదియు నట్లే పుట్టినది.

దీనికి వారు కనుగొనిన ఉపాయమును మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతునకు బోధింపనక్కరలేదు. కాలువ మొదటనున్నవారందఱు తూము లొక్కమారే యెత్తినచో చివరిభూములకు చుక్క నీరు రాదు. అందులకే వంతు ఏర్పడినది. అయితే కాలువమీద లస్కరు గలడు. జాలకమున లస్కరు లేడు. కావున పంపువాడే తన చేతిని తాను పట్టుకొనవలెనని జాకబ్‌సన్ చెప్పెను. మొదట కొద్దిగ పంపుము, చేరినకొలది పెంచుము, ఒక పొట్లము పోయినట్లు తెలిసినతోడనే పంపునది తగ్గింపుము. 1988లో ఆయన దీనిని వివరించుచు వ్యాసము ప్రకటించెను. నేడు కోట్లకొలది యంత్రములు ఒకే జాలకమును పంచుకొని త్రొక్కిసలాట లేక బ్రదుకుచున్నవనిన, ఆ 400 గజముల దారిమీద నేర్చిన పాఠమే దానికి పునాది. మన పాఠ్యపుస్తకములలో ఇది "రద్దీనియంత్రణము" అను అధ్యాయముగ నున్నది. పరీక్షకు పది మార్కుల ప్రశ్న. అది యొక విశ్వవిద్యాలయపు సొంత జాలకమున పుట్టిన తెవులనియు, ఆ తెవులును దాచక, కంట్రాక్టరును పిలువక, తామే కూర్చుండి పరిశీలించిన వారికి తెలిసిన మందనియు ఏ ప్రశ్నయు నడుగదు.

ఇదంతయు అమెరికా కథ, మనకది సాధ్యమా యని పెదవి విఱుచువారు గలరు. వారికి చెప్పవలసిన మాటలు రెండు గలవు. ఆ 1986వ సంవత్సరముననే, జూలైలో, కర్ణాటకమునందలి కిత్తూరులో 128 తీగెల చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజి యొకటి పని నారంభించెను. దానిని చేసినది సి-డాట్ అను మన ప్రభుత్వసంస్థ. 1984లో పుట్టిన యీ సంస్థకు ఇయ్యబడిన గడువు 36 నెలలు, సొమ్ము 36 కోట్ల రూపాయలు. శాం పిత్రోడా ప్రభృతుల నాయకత్వమున అందు పనిచేసినవారిలో పెక్కురు అప్పుడే పట్టములు పుచ్చుకొనిన యువకులు. విదేశపు ఎక్స్ఛేంజికి చల్లనిగది కావలెను. మన పల్లెలో చల్లనిగది యెక్కడిది? ఎండకును దుమ్మునకును తట్టుకొని, చల్లనిగది లేకయే నడచునట్లు వీరు యంత్రమును కట్టిరి. పల్లె యెట్టిదో తెలిసినవారు చేసిన యంత్రము గనుక పల్లెలో నిలిచినది. రెండవ మాట: ఆ యేడే ఎర్నెట్ అను విద్యాజాలకపు ప్రయత్న మారంభమైనది. కేంద్ర ఎలక్ట్రానిక్సు శాఖయు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమును ధనసాహాయ్యము చేయగా, అయిదు ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞానసంస్థ, బొంబాయిలో శ్రీనివాసన్ రమణిగారు నడపిన జాతీయ సాఫ్టువేరు కేంద్రము, ఢిల్లీలోని ఆ శాఖ, ఈ యెనిమిదియు కలసి పనికి పూనుకొనెను. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు అమ్మకమునకు వచ్చినది 1995 ఆగస్టు 15న. అంతకు తొమ్మిదేండ్లకు ముందే మన ఆచార్యులును విద్యార్థులును తమ చేతులతో జాలకమును కట్టుచుండిరి. కావున మనకు చేతకాదనుట అబద్ధము. చేసినదానిని తరువాతివారికి అప్పగింపమి నిజము.

తరువాత నేమైనది? జాలకము సరకైనది. సరకు కొని తెచ్చి బిగించువారు వచ్చిరి. బిగించుట నేర్పు సర్టిఫికెట్లు వచ్చినవి. సర్టిఫికెట్లు నేర్పు దుకాణములు హైదరాబాదు అమీరుపేటలో మెట్టు మెట్టునకు వెలసినవి. పట్టము పుచ్చుకొని వచ్చిన యువకుడు కళాశాలలో తాకని రౌటరును ఆ యిరుకుగదిలో, మరల రుసుము చెల్లించి, మొదటిమారు తాకుచున్నాడు. మేము ఆ దుకాణములను నిందింపము. ఆకలిగొన్నవానికి పూటకూళ్లయిల్లే దిక్కు. ఆ సర్టిఫికెట్టుతోనే ఎందఱో పేదవారి పిల్లలు ఉద్యోగములు సంపాదించి చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసిరి. కాని ఒక చమత్కారమును చిత్తగింపుడు. ఆ సర్టిఫికెట్లలో నెల్ల పేరుగాంచినదానిని 1998నుండి ఇచ్చుచున్న సిస్కో కంపెనీని 1984లో స్థాపించిన దంపతులు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కంప్యూటరులను చూచుచుండిన ఉద్యోగులు. ఆ విశ్వవిద్యాలయపు భవనములను ఒకదానితో నొకటి కలుపుటకై అచ్చటివారు చేసికొనిన యంత్రములనుండియే ఆ కంపెనీ తొలి రౌటరు పుట్టినది. ఒక విశ్వవిద్యాలయపు ఆవరణలో అవసరముకొఱకు పుట్టిన వస్తువు లోకమంతయు తిరిగి మన విశ్వవిద్యాలయపు గేటుముందరకు సర్టిఫికెట్టై వచ్చినది. మన ఆవరణలోనికి మాత్రము రాలేదు.

మీట నొక్కుట వేఱు, ఎఱుగుట వేఱు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తానులో యూట్యూబును ఆపుమని ప్రభుత్వ ముత్తరువు చేయగా, అచ్చటి టెలికాం కంపెనీవారు తమ దేశములోనికి మాత్రమే చెప్పుకొనవలసిన తప్పుదారిని పొరపాటున లోకమునకంతకు చాటిరి. లోకములోని జాలకములు దానిని నమ్మినవి. రెండు గంటలపాటు పెక్కు దేశములవారికి యూట్యూబు లేకపోయెను. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కువారు తమ జాలకమున చేసిన మరమ్మతులో నొక ఆజ్ఞ వికటించి, తమ దారులను తామే లోకపటమునుండి తుడిచివేసికొనిరి. ఆఱు గంటలు ఆ సంస్థ సేవలన్నియు నిలిచినవి. కట్టుదిట్టమైన కాపుగల భవనములలోనికి పోయి యంత్రములను తాకుటకే ఆలస్యమైనదని వారే చెప్పుకొనిరి. ఒక ఇరుగుపొరుగు నమ్మికమీద నడచు ఈ దారుల యేర్పాటును గ్రహింపనివాడు సర్టిఫికెట్టు లెన్ని గోడకు తగిలించుకొనినను, ఇట్టి గంట వచ్చినప్పుడు ఫోను పట్టుకొని పైవారికి చేయును.

బారన్‌గారి మాటకు మరల వచ్చెదమంటిమి. ఆయనకు శత్రువు అణ్వస్త్రము. మనకు తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విఱుచుకొనిపడినది. స్తంభములు కూలినవి, టవరులు మూగవోయినవి. బిడ్డ బ్రతికియున్నాడో లేదో తెలియక పొరుగూరి తల్లిదండ్రులు దినములు గడపిరి. మూడేండ్లకు, 2017 డిసెంబరు 27న, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు ప్రారంభమైనది. త్రవ్వకపు ఖర్చు లేకుండ కరెంటు స్తంభములమీదుగా ఇరువదివేల కిలోమీటర్లకు పైగా గాజుతీగె లాగిరి. తక్కువ సొమ్ముతో పల్లెకు జాలకమును చేర్చిన ఉపాయమది. మేము దానిని మెచ్చుకొందుము. కాని స్తంభము కూలిన తీగె యేమగును? తీరపు జిల్లాలో ఏ స్తంభముల వరుస పోయిన ఏ యేయూళ్లు విడిపోవును? వానికి రెండవ దారి నెటనుండి పెట్టవలెను? ఆసుపత్రికి, కలెక్టరు కచేరికి మొదట దారి దొరకునట్లు రౌటరుల నెట్లు అమర్చవలెను? విద్యుత్తు లేని మూడు దినములు ఏ బ్యాటరీతో నడపవలెను? అరువదియేండ్లనాడు బారన్ తన కాగితముమీద వేసికొనిన ప్రశ్న లిట్టివే. శ్రీకాకుళమునుండి నెల్లూరువరకు గల కళాశాలలలో ఏ పరీక్షాపత్రమునందైన నీ ప్రశ్న అడుగబడినదా? ఏడంతస్తుల బొమ్మను మాత్రము ఏటేట అడుగుచున్నారు.

విద్యార్థులకు జాలకమును తెఱచిన అపాయము లేదా యని యడుగుదురు. కలదు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి యగు రాబర్టు మోరిసు విడిచిన పురుగుప్రోగ్రాము నాటి ఇంటర్నెట్టులో వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. న్యాయస్థానము ఆతనిని శిక్షించినది. అయితే విశ్వవిద్యాలయములు ఆ మఱునాడు తాళములు వేసికొనలేదు. బర్క్‌లీలోను మరి యితరచోట్లను ఉన్నవారు నిద్ర మాని ఆ పురుగును విప్పి చూచి, దినముల వ్యవధిలో విఱుగుడు పంచిరి. ఆ నెలయందే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఇట్టి ఆపదల కెదురునిలుచు కేంద్ర మేర్పడినది. అగ్ని కాల్చునని వంట మానినవారు లేరు. పరీక్షల ఫలితములును జీతపు లెక్కలును గల యంత్రములను వేఱుచేసి, అభ్యాసమునకు వేఱొక జాలకమును పెట్టుట ఇప్పటికే ఎల్లరెఱిగిన పద్ధతి. సొమ్ము లేదందురా? మూల పడియున్న పాత కంప్యూటరునకు రెండవ నెట్‌వర్కు కార్డు తగిలించి, ధర లేని లినక్సును ఎక్కించిన అది రౌటరగును. ఇట్టివి పది కూర్చి పది వసతిగృహపు గదులలో పెట్టిన నొక చిన్న ఇంటర్నెట్టగును. కార్యాలయములనుండి తీసివేసిన స్విచ్చీలు గుజిరీలో తూకమునకు పోవుచున్నవి. రంగురంగుల కరపత్రములకును, పత్రికలలో నిండుపుట ప్రకటనలకును దొరకుచున్న సొమ్ము దీనికి దొరకదనిన మేము నమ్మము. మా పత్రికకును ప్రకటనలు వచ్చుచున్నవి గనుక ఈ మాట వ్రాయుటకు మాకు కొంత బిడియముగనే యున్నది, అయినను వ్రాసితిమి.

ఉపన్యాసకులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఈ యేడు నెట్‌వర్కులు, వచ్చుయేడు డేటాబేసులు, ఆ పై యేడు మఱియొకటి చెప్పుమని తరిమి, జీతమునకు నెలలు లెక్కించుకొనునట్లు చేసి, వారు రౌటరును విప్పి చూపలేదని కోపించుట న్యాయము కాదు. జాలకమును నడపు ఉద్యోగికి పాఠము చెప్పు హక్కును, పాఠము చెప్పు ఉపన్యాసకునకు జాలకమును నడపు హక్కును కల్పింపుడు. నేడు వారిద్దఱును నడవలో నెదురుపడిన నొకరినొకరు గుర్తింపరు.

భాష మాటయు నొకటి గలదు. 2021లో అఖిల భారత సాంకేతికవిద్యామండలి తెలుగుతో కూడ పలు దేశభాషలలో ఇంజనీరింగు చెప్పుటకు అనుమతించినది. దానివలన పదకోశములు బలిసిన చాలదు, పాఠము తేటపడవలెను. మేము పైని పొట్లము, దారి, వంతు అని వ్రాసితిమి. నవ్వువారు నవ్వుదురు గాక. ఆ ఇంగ్లీషు పదమును ఏర్పరచిన డేవీసుగారే, ఇతరభాషలలోనికి సులువుగ పోగల మాట కావలెనని భాషావేత్త నడిగి "పాకెట్" అను చిన్నమాటను ఎన్నుకొనెను. కన్నవాడే తర్జుమాకు తగినట్లు పేరుపెట్టియుండగా మనమేల సిగ్గుపడవలెను? రౌటరును రౌటరనియే అందుము. కాని అది చేయు పని విద్యార్థి తన తల్లితో తన యింటిమాటలో చెప్పగలుగునట్లుండవలెను. చెప్పలేనివాడు తెలిసికొననివాడే యగును.

తరగతులు తెఱచుదినములు దగ్గఱపడుచున్నవి. ఈ యేడు ఒక్క విశ్వవిద్యాలయమైనను తన ప్రయోగపరీక్షను మార్చి చూచునా యని మా కోరిక. రికార్డును తూచి మార్కు లిచ్చుట మాని, నలుగురు విద్యార్థుల ముందర నొక చెడిన జాలకమును పెట్టుడు. తీగె యెక్కడనో విఱిగియుండును. ఒక రౌటరు అబద్ధపుదారి చెప్పుచుండును. ఒక చిరునామా రెండు యంత్రముల కీయబడియుండును. మూడు గంటల గడువిండు. విన్నపపత్రములను, పాఠ్యపుస్తకమును దగ్గఱ నుంచుకొననిండు. పుస్తకము తెఱచి చూచుటచే ఆ పరీక్ష కాపీ కాజాలదు. తల్లిదండ్రులును సీటు తీసికొనబోవునప్పుడు కళాశాలవారిని ర్యాంకుల పట్టికయు, ఉద్యోగముల పట్టికయు అడిగిన పిదప, మా బిడ్డ ఏ యేట, ఏ యంత్రమును, ఎన్ని గంటలు తన చేత తాకునని యొకమా రడిగి చూతురు గాక.

మేము పైని చెప్పిన ప్రిన్సిపాలుగారికి ఈ సంచిక నొకదానిని పంపుచున్నాము. తాళపుచెవిని కంట్రాక్టరు మనిషి యొద్దనుండి తెప్పించుకొనుటకు ఎన్ని దినములు పట్టినదో వారు తెలిపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము.